నాలుగో పిన్ను

భయం మనిషిని బట్టి ఉంటుంది. తాళ్లరేవు చినబాబుకు తుఫానంటే భయం లేదు, పామంటే భయం లేదు, డెబ్బై అయిదేళ్లు వచ్చాయి కనక చావంటే కూడా పెద్దగా లేదు. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదో ఏట ఎయిర్ ఫోర్సులో మెకానిక్‌గా చేరి, పదిహేనేళ్లు యుద్ధ విమానాల కింద దూరి పని చేసి వచ్చినవాడు. ఆ తర్వాత సామర్లకోటలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అలాంటివాడు మూరెడు లేని ప్లాస్టిక్ బొమ్మను చూసి మూడు నెలలు నిద్ర లేకుండా వణికాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. సంగతి తెలిస్తే రాదు.

బొమ్మ విమానాలు చెయ్యడం రిటైరయ్యాక పట్టిన పిచ్చి. కిట్టు అని ఒక అట్టపెట్టె వస్తుంది, దాని నిండా సన్నసన్న ముక్కలు. వాటిని ఒక్కొక్కటే కోసి, గరుకు కాగితంతో అంచులు సాపు చేసి, జిగురు పెట్టి అతికి, రంగులు వేస్తే అచ్చం నిజం విమానంలాంటి చిన్న విమానం తయారవుతుంది. అలా ఆరు చేసి అద్దాల బీరువాలో పెట్టాడు. భార్య లోవలక్ష్మి వాటి దుమ్ము దులిపినప్పుడల్లా ఒకటే మాట.

"గుడ్లెట్టవు, కూర్లోకి పనికిరావు. ఎందుకయ్యా ఈ పిట్టలు?"

ఆ ఆరింటిలో హంటర్ అనే యుద్ధ విమానం లేదు. చినబాబు డెబ్బై ఒకటి యుద్ధంలో పని చేసింది హంటర్ మీదే. ఎవరైనా అడిగితే కిట్టు దొరకలేదని చెప్పేవాడు. దొరక్క కాదు, దాన్ని ముట్టుకోవాలంటే భయం. ఆ భయం ఏమిటో కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

ఆషాఢంలో ఒకరోజు ఫోన్ మోగింది.

"నమస్కారమండి. చినబాబు గారేనా? నా పేరు రాజరాజేశ్వరి అండి, వైజాగ్ నుంచి. ఫ్లైట్ లెఫ్టినెంట్ జగన్నాథం గారి అమ్మాయిని."

చినబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నాన్నగారు పోయిన నాలుగు నెలలకి పుట్టానండి నేను. ఆయన్ని చూళ్లేదు. ఆ ఆఖరి రోజు ఆయన్ని విమానంలో కూర్చోబెట్టింది మీరేనని మీ పాత స్నేహితులొకరు చెప్పారు. నిజమేనా అండీ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చినబాబు, "నేనేం చెయ్యలేదమ్మా" అనబోయి, ఎలాగో నాలుక కరుచుకుని, "నేనేనమ్మా" అన్నాడు.

"మీరు బొమ్మ విమానాలు చేస్తారటగా. నాన్నగారిది ఒకటి చేసిపెట్టరూ? నేనే వచ్చి తీసుకెళ్తానండి. అప్పుడు మిమ్మల్ని ఒక మాట కూడా అడగాలి."

వల్లకాదని చెప్పాలనే అనుకున్నాడు. నోరు మాత్రం సరేనంది. ఆమె అడగబోయే ఆ ఒక్క మాట ఏమిటో అతనికి అప్పుడే తెలిసిపోయింది. యాభై నాలుగేళ్లుగా అతను తనని తాను అడుగుతున్నది కూడా అదే.

యుద్ధ విమానంలో పైలట్ కూర్చునే సీటు మామూలు సీటు కాదు. ప్రమాదం ముంచుకొస్తే పైలట్ తల మీదున్న పిడి లాగుతాడు. సీటు వెనక మందు పేలి మనిషిని సీటుతో సహా పైకి విసిరేస్తుంది, పారాచూట్ విచ్చుకుంటుంది, ప్రాణం దక్కుతుంది. నేల మీద ఉండగా అది పొరపాటున పేలకుండా నాలుగు పిన్నులు గుచ్చి ఉంచుతారు. ఒక్కోదానికి ఒక ఎర్ర పట్టీ వేలాడుతుంది. పైలట్‌కు బెల్టులు కట్టాక మెకానిక్ ఆ నాలుగూ పీకి, ఆయన కళ్ల ముందు పట్టుకుని లెక్కపెట్టి చూపించాలి. పైలట్ తల ఊపాలి. అప్పుడే పైన గాజు మూత పడాలి. పిన్ను ఉండిపోతే పిడి రాదు. పిడి రాకపోతే సీటు లేవదు.

ఆ రోజు జగన్నాథం గారు పొద్దున్న ఒకసారి వెళ్లి, బాంబులు వేసి, క్షేమంగా వచ్చారు. ఆయన సీట్లోంచి దిగకుండానే చినబాబు పిన్నులు మళ్లీ గుచ్చాడు. కింద గుండ్లు నింపుతున్నారు, ఇంధనం పోస్తున్నారు. ఇంతలో శత్రు విమానాలు వస్తున్నాయని సైరన్ మోగింది. వెంటనే లేవాలన్నారు. చినబాబు నిచ్చెనెక్కి పిన్నులు పీకి చూపించాడు. జగన్నాథం గారు తల ఊపారు. మూత పడింది.

అయితే అతనికి గుర్తున్న ఆ పీకడం, ఆ తల ఊపడం పొద్దుటివా రెండోసారివా? అక్కడే వచ్చింది చిక్కు. రోజుకు మూడుసార్లు చేసే పనిని చేతులు చేసుకుపోతాయి, మనసులో గుర్తుండదు. తలుపు తాళం వేశామో లేదో సగం దారిలో గుర్తురానట్టే ఇదీను. తాళం సంగతైతే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

విమానం తోకకు గుండు తగిలి పొగ వచ్చిందట. పక్క విమానం పైలట్ "దూకెయ్, దూకెయ్" అని రేడియోలో అరిచాడట. దూకడానికి అర నిమిషం టైముందట. జగన్నాథం గారు దూకలేదు. విమానం సరిహద్దు అవతల కూలింది. ఆ సాయంత్రం ఆఫీసర్ పిలిచి అడిగితే ఇరవై ఒక్కేళ్ల చినబాబు అటెన్షన్‌లో నిలబడి, "నాలుగూ తీశాను సార్" అని చెప్పి సంతకం పెట్టాడు. ఆ సంతకం ఆనాటి నుంచి అతని కడుపులో ముల్లులా ఉండిపోయింది.

కిట్టు వచ్చింది. భయపడుతూనే మొదలుపెట్టాడు. వానాకాలం గాలిలో తడికి వేసిన రంగు వేసినట్టే తెల్లగా మసకబారిపోతుంది, అందుకని ఎండ కాసిన పూట చూసుకుని ఆకుపచ్చా బూడిదరంగూ మచ్చలు మచ్చలుగా వేశాడు. రెక్కల మీద అంటించే మూడు రంగుల చక్రాల స్టిక్కర్లు నీళ్లలో నానబెట్టి, కాగితం మీది నుంచి జార్చి, కుంచె కొసతో చోటుకు నెట్టాడు. తోక మీది నంబరు ఏ పుస్తకమూ చూడకుండా రాశాడు. ప్రతి ముక్కా అతికినప్పుడల్లా ఆ ఎయిర్ ఫీల్డే కళ్ల ముందుకు వచ్చేది. రంగు వేస్తూ వేస్తూ సైరన్ వినపడిందని ఉలిక్కిపడి లేచిన పూటలున్నాయి. తీరా చూస్తే అది పక్క వీధిలో ఐస్ ఫ్యాక్టరీ కూత.

సీటు విడిగా చేశాడు. పాత ఫోన్ ఛార్జర్ వైరు చీల్చి రాగి పోగుల్తో నాలుగు పిన్నులు, బీపీ బిళ్లల రేకు కత్తిరించి ఎర్ర రంగు వేసి నాలుగు పట్టీలు తయారుచేశాడు. సీటు విమానం బయట ఉన్నంతసేపూ పిన్నులు గుచ్చే ఉండాలి, అది రూలు. వేలెడైనా లేని ప్లాస్టిక్ సీటు పేలుతుందా? పేలదు. అయినా పిన్నులు గుచ్చకుండా దాన్ని పట్టుకోవడానికి చినబాబు చేతులు ఒప్పుకోలేదు. శనివారం మధ్యాహ్నం సీట్లో చిన్న పైలట్‌ను కూర్చోబెట్టి, లోపల దించి, ట్వీజర్‌తో పిన్నులు పీకడం మొదలుపెట్టాడు.

"ఏవయ్యా, పులుసు చల్లారిపోద్ది! మళ్లీ మళ్లీ ఎచ్చబెట్టను నేను!" అని వంటింట్లోంచి లోవలక్ష్మి కేకేసింది.

"వస్తున్నానే లోవా!" అని గాజు మూత అంచుకు జిగురు రాసి, అంటించి, భోజనానికి లేచాడు.

రాజరాజేశ్వరి వస్తానన్న ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకు విమానాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి భూతద్దంతో చివరిసారి చూసుకుంటూ ఉండగా, పైలట్ తల వెనక ఎర్రగా ఏదో కనిపించింది.

రంగు చుక్కేమో అనుకున్నాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పట్టీ. దాని వెనక రాగి మెరుపు. నాలుగో పిన్ను సీటులోనే ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. బల్ల మీది సాసర్లో చూస్తే మూడే ఉన్నాయి. కుర్చీలో కూలబడ్డాడు. సైరన్ లేదు, తొందర లేదు, ముక్కు మీద కళ్లజోడుంది, చేతిలో భూతద్దముంది. కేవలం ఒక పులుసు కేకకే పిన్ను వదిలేశాడు. ఇక ఆ రోజు ఇరవై ఒక్కేళ్ల కుర్రతనంలో, నెత్తిన శత్రు విమానాలుండగా వదలకుండా ఉంటాడా? ఇన్నాళ్లూ 'తీశానేమో' అనే ఒక్క గడ్డిపోచ పట్టుకుని బతికాడు. అది కాస్తా చేతిలోంచి పోయింది.

లోవలక్ష్మి కాఫీ తెచ్చి మొగుడి మొహం చూసి హడలిపోయింది. "ఏంటయ్యా, నొప్పొత్తందా? డాక్టర్ గారికి ఫోన్ చెయ్యనా?"

అప్పుడు చెప్పాడు. యాభై నాలుగేళ్ల సంగతి, సంతకంతో సహా. ఆమె కాఫీ పక్కన పెట్టి వంగి గాజు మూతలోకి చూసింది.

"ఆవిడికేం తెలుస్తాదయ్యా అది పిన్నో పుల్లో. ఊరుకో" అంది చివరికి. ఆ అనడంలో ఆమెకే నమ్మకం లేదు.

మూత పీకుదామా అంటే జిగురు కరిచేసింది, పీకితే పగులుతుంది. తలుపు వేసుకుని ఇంట్లో లేనని చెప్పించుకుందామా అని కూడా అనుకున్నాడు. నిజంగానే లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇంతలో వాకిట్లో కారు ఆగింది.

రాజరాజేశ్వరికి యాభై మూడేళ్లుంటాయి. బ్యాంకు ఉద్యోగి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చినబాబు ఆమె మొహం వంక చూడలేకపోయాడు, గడ్డం అచ్చం జగన్నాథం గారిదే. ఆమె బల్ల ముందు కూర్చుని విమానాన్ని తాకకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ముక్కు నుంచి తోక దాకా చూసింది. గాజు మూత దగ్గర ఆగింది.

"ఇది నాన్నగారా అండీ?"

"అవునమ్మా."

"వెనకాల ఈ ఎర్రది ఏంటండీ?"

సీటు బెల్టని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది కూడా. లోవలక్ష్మి గుమ్మంలోంచి చెప్పవద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఇంకో యాభై ఏళ్లు మొయ్యడానికి తన దగ్గర ఇంకో యాభై ఏళ్లు లేవు.

"పిన్నమ్మా అది. తియ్యాల్సింది. తియ్యకపోతే సీటు లేవదు" అన్నాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. రెండో విడత, సైరన్, సంతకం అన్నీ చెప్పేశాడు. "మీరడగాలన్న మాట ఇదేనని తెలుసమ్మా. మీ నాన్నగారు ఎందుకు దూకలేదనేగా. ఆ రోజు నాలుగోది తీశానో లేదో నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, తెలీదు."

చేతులు రెండూ తొడల మధ్య అదుముకుని దెబ్బ కోసం కూర్చున్నాడు. తిడుతుందనుకున్నాడు, లేదా ఏడుస్తుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పిన్ను వంకే చూస్తూ మొదలుపెట్టింది.

"యుద్ధానికి ముందు వారం అమ్మ నాన్నగారికి ఉత్తరం రాసిందండి. నేను కడుపులో ఉన్నాను. ఈ ఉద్యోగం మానకపోతే మీ మొహం నాకు చూపించొద్దని రాసింది. ఆయన సామాన్లతో పాటు ఆ ఉత్తరం తిరిగొచ్చింది. విప్పి ఉంది. దూకడానికి టైముందని, అయినా దూకలేదని తర్వాత ఎవరో చెప్పారు. తను రావద్దంది కనకే ఆయన రాలేదని అమ్మ నమ్మకమండి. ఇప్పటికీ నాన్నగారి ఫోటో ముందు తలెత్తదు. అసలాయనకి రావాలని ఉందా లేదా, అది అడుగుదామనే వచ్చాను."

"అమ్మకి డెబ్బై తొమ్మిదండి. ఒక్కసారి మాట్లాడతారా? ఏం చెప్పాలో నేను చెప్పను" అంటూ ఆమె నంబరు నొక్కి ఫోన్ ఇచ్చింది.

చినబాబు ఫోన్ అందుకున్నాడు. అవతల ముసలి గొంతు "ఎవరూ?" అంది. తెలీదన్నదే నిజం. జీవితమంతా ఏ మాటైతే తన నోట రాకూడదని, ఎవరి నోటా వినకూడదని భయపడ్డాడో, ఆ మాట ఇప్పుడు నాలుక మీదికొచ్చి కూర్చుంది.

"నమస్కారమమ్మగారూ. నేను సార్ దగ్గర మెకానిక్‌గా చేసిన చినబాబునండి. సార్ సీటుకి పిన్నొకటి తియ్యాలండి, లేకపోతే అది పని చెయ్యదు. ఆ రోజు తొందర్లో నేను తియ్యలేదండి. తప్పు నాదండి."

లోవలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అయితే..." అంది ఆ గొంతు. "అయితే ఆయన లాగారంటావా బాబూ, దాన్ని?"

"లాగుంటారండి. రెండు చేతుల్తో లాగుంటారు. ఇంటికి రావాలని గట్టిగా లాగుంటారమ్మగారూ."

అవతల ఏడుపు మొదలైంది. చినబాబు ఫోన్ చెవికి అదుముకుని, రాబోయే శాపం కోసం కళ్లు మూసుకుని కాచుకున్నాడు. ఏడుపు మెల్లగా తగ్గింది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అన్నం తిన్నావా బాబూ?" అని అడిగింది ఆవిడ.