నేపాళం

అన్నం గుండిగను రెండు మసిగుడ్డలతో పట్టి, మోకాలు అడ్డం పెట్టి, జయశీల గంజి వారుస్తోంది. ఆవిరి మొహానికి కొట్టినా తల తిప్పుకోదు, కళ్ళు మాత్రం మూసుకుంటుంది. పదిహేనేళ్ళుగా రోజూ రెండు పూటలా చేస్తున్న పని. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. పసుపూ కారమూ పట్టి బొటనవేలి గోరు రంగు తిరిగింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. గుండిగ దించమని ఎవరినీ పిలిచి ఎరగదు.

కృష్ణపట్నం రేవుకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆ మెస్సు. షెడ్డు ముత్తుకూరు ఆసామిది. వంటా వడ్డనా జయశీలవి. బొగ్గు లారీ వెళ్ళినప్పుడల్లా నల్లటి దుమ్ము లేస్తుంది కాబట్టి, పప్పు మీద మూత తీయాలంటే లారీ దాటిపోయే దాకా ఆగాలి.

తినేవాళ్ళు అరవై మంది దాకా ఉంటారు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆమెకు నోటిలెక్క. వెల్డింగు కుర్రాళ్ళు ముగ్గురూ ‘ఒరిస్సా’. పొడుగాటివాడు ‘పెద్ద బీహారు’, అతని పక్కన కూర్చునేవాడు ‘చిన్న బీహారు’. క్రేను నడిపే మనిషి ‘అరవం’. చేప లేని రోజు మొహం మాడ్చుకునేవాడు ‘బెంగాలు’. అన్నీ ఆమె పెట్టిన పేర్లే. పొద్దున ఆమె నోట వచ్చిన పేరు సాయంత్రానికి రోడ్డంతా పాకుతుంది. గేట్ల దగ్గర, కాటా దగ్గర, టీకొట్టు దగ్గర అదే పేరు ఖాయమైపోతుంది.

అన్నిట్లోకీ బాగా అతుక్కున్నది నేపాళం. తొమ్మిదేళ్ళ కిందట ఎరువుల గోడౌనుకు కొత్త వాచ్‌మన్ వచ్చాడు. గుండ్రటి మొహం, సన్నటి కళ్ళు, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న ఖాకీ చొక్కా. నేపాలు నుంచా నాయనా అని ఆమె అడిగితే, భాష రాక తలూపాడు. అయితే నేపాళం వచ్చింది, అందరూ కడుపులు జాగ్రత్త అంది జయశీల. నేపాళం గింజ కొరికితే భేదులు పట్టుకుంటాయని తెలియనిదెవరికి? షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

మూడు రోజుల కిందట గేటు దగ్గరే గుండె పట్టుకుని కూలబడితే, గోడౌను సూపర్‌వైజరు ఆయన్ని జీపులో నెల్లూరు తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చి వచ్చాడు. తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. ఇవాళ మధ్యాహ్నం వడ్డన అయ్యాక జయశీల చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, చిన్న క్యారేజీలో చారన్నం పెట్టుకుని బస్సెక్కింది. రాత్రి వంటకు కూరగాయలు ముందే తరిగి పెట్టింది.

ఆసుపత్రి మూడంతస్తులు. ఆడా ఈడా అడుగుతూ రెండో అంతస్తులో మగవాళ్ళ వార్డుకు చేరింది. బల్ల దగ్గర ఒక నర్సమ్మ ఏదో రాసుకుంటోంది. జేబు మీద షారన్ అని ఉంది.

ఎవరు కావాలని నర్సు అడిగితే జయశీల అలవాటు కొద్దీ నేపాళం అనేసింది.

నర్సు నవ్వలేదు. పెన్ను ఎత్తి పట్టుకుని, “పేషెంటు పేరేందమ్మా?” అంది.

జయశీల నోరు తెరిచింది. ఆయనకు వంకాయ పడదు, తింటే పెదాలు దురద. ఎడమవైపు దవడ పన్ను ఊడిపోయింది కాబట్టి కుడివైపే నములుతాడు. మజ్జిగలో ఉప్పు వేసుకోడు. కడగక్కర్లేదన్నా వినకుండా తన పళ్ళెం తనే కడిగి, గోడకు బోర్లించి పోతాడు. ఇన్ని తెలుసు. తొమ్మిదేళ్ళు రెండు పూటలా చేత్తో వడ్డించిన మనిషి పేరు మాత్రం తెలియదు.

కూర్చోమని నర్సు బెంచీ చూపించి కాగితాలు తిరగేయసాగింది. బెంచీ మీద కూర్చున్న జయశీలకు ఉన్నట్టుండి అత్త గుర్తొచ్చింది. తమిళనాడులో గుమ్మిడిపూండి అవతల పుట్టింది కాబట్టి, తెలుగు ఇంటి పిల్లే అయినా, కాపురానికి వచ్చిన రోజు నుంచీ అత్తకు ఆమె ‘అరవది’. ఉప్పు ఎక్కువైతే అరవవంట. మాట తేడా వస్తే అరవ నాలిక. మనవరాలు పుట్టిన రోజు మాత్రం ఆ ముసలామె బిడ్డనెత్తుకుని వీధంతా తిరిగింది, మా అరవపిల్ల మహాలక్ష్మిని కన్నదని. ఆ రోజు ఆ మాట తియ్యగానే ఉంది. మంచం పట్టి పోయేటప్పుడు కూడా, అరవదాన్ని పిలవండి, నీళ్ళు పొయ్యమనండి అంది గానీ, జయా అనలేదు. నోట్లో నీళ్ళు పోస్తూ జయశీల ఎదురుచూసింది. ఒక్కసారి అంటుందేమోనని. అనలేదు.

నర్సు ఒక కాగితం దగ్గర ఆగింది. నేపాలు దేశస్థుడు, పేరు తెలియదు, వయసు సుమారు అరవై అని రాసి ఉంది. సూపర్‌వైజరు చెప్పిందే రాసుకున్నారట. పరదేశి, పేరూ ఆధారూ లేవు కాబట్టి, గుండెకు చేయాల్సిన పెద్ద పరీక్ష కాగితం అలాగే ఆగిపోయి ఉంది.

చివరి మంచం మీద ఆయన ఉన్నాడు. మూడు రోజులకే బుగ్గలు లోపలికి పోయి, మొహం సగమైంది. ముక్కులో గొట్టం. ఆమెను చూసి నవ్వబోయాడు. జయశీల స్టూలు దగ్గరకు లాక్కుంది. క్యారేజీ మూత తీయకముందే అడిగింది.

“నీ పేరేంది సామీ?”

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“మణికుమార్,” అన్నాడు. కాసేపాగి, “తమాంగ్. మణికుమార్ తమాంగ్.”

మా వీధిలో పిలగాడి పేరు మాదిరే ఉందే అనుకుంది జయశీల. నేపాల్లో ఏ ఊరని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేపాలు ఎప్పుడూ చూడలేదట. డార్జిలింగు కొండల్లో తేయాకు తోట వాళ్ళది. తాత కాలం నుంచీ అక్కడే. తోట మూతపడితే పని కోసం దిగివచ్చాడు. ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

మరి చెప్పలేదేమని అడిగింది. మొదట్లో ఒకరిద్దరికి చెప్పాడట. వాళ్ళు నవ్వారు. తర్వాత చెప్పడం మానేశాడు.

“నేపాళం అంటే ఏందో తెలుసా నీకు?” క్యారేజీ మూత తీస్తూ అడిగింది జయశీల.

“తెలుసు. మందులషాపాయన చెప్పినాడు. రెండో ఏడు.”

ఏడేళ్ళుగా తెలిసే పలుకుతున్నాడు. ఆమె చూపు దించుకుంది. ఆయన చెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది.

“నువ్ పిలిస్తే అన్నం ఉంటది, అక్కా,” అన్నాడు. “గేటు కాడ పిలిస్తే, నవ్వు ఒక్కటే.”

అది ఓదార్పో, ఫిర్యాదో ఆమెకు తేలలేదు. రెండూ కావచ్చు.

మంచం తలాపున ఖాకీ చొక్కా తగిలించి ఉంది. ఆయన కళ్ళతో చూపిస్తే ఆమె జేబులో చెయ్యి పెట్టింది. ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతల ఆధార్ కాగితం, దాని వెనక చెల్లెలి కొడుకు ఫోన్ నంబరు. మూడు రోజులుగా ఆ చొక్కా అక్కడే వేలాడుతోంది. జేబులో చూడాలని గానీ, ఆయన్నే అడగాలని గానీ ఎవరికీ తోచలేదు. ఆయనెవరో అందరికీ తెలుసు గదా.

జయశీల ఆ కాగితం తీసుకుని కిందికి దిగింది. రికార్డు గదిలో గుమస్తా, చేర్చినవాళ్ళే వచ్చి రాయించాలన్నాడు. సూపర్‌వైజరు ఫోన్ ఎత్తలేదు. అయితే రేపు రమ్మన్నాడు గుమస్తా. రేపు మళ్ళీ ఇదే మాట చెపుతావు నాయనా అని, ఆమె కిటికీ పక్కన నేల మీద చీర సర్దుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుంటావని అతను విసుక్కున్నాడు.

“నువ్వు రాసిందాకా. పేరు తప్పు పెట్టింది నేను. దిద్దించాల్సింది నేనేగా.”

అతనికి ఆ మాట తలకెక్కలేదు. నాలుగు గంటల బస్సు పోయింది. షారన్ సిస్టర్ పైనుంచి వచ్చి అతనికి ఏదో చెప్పింది. అయిదు గంటలకు అతను పాత మాట మీద గీత కొట్టి, ఆధార్ చూసి పేరు రాశాడు. అక్షరాలు చదవడం జయశీలకు అంతంత మాత్రం. అందుకని పైకి చదవమంది. అతను చదివాడు. మళ్ళీ చదవమంది. పెద్ద పరీక్ష పొద్దున్నే చేస్తారని సిస్టర్ చెప్పింది. పైకి పోయి నాలుగు చెంచాల చారన్నం తినిపించి, తన ఫోన్ నంబరు కాగితం మీద రాయించి, పొద్దున వస్తానని చెప్పి ఆమె బస్సెక్కింది.

మెస్సుకు చేరేసరికి మనుషులు వచ్చి కూర్చుని ఉన్నారు. వస్తూనే పొయ్యి వెలిగించింది. కాటా దగ్గర పనిచేసే హజరత్తయ్య అరుగు మీద నుంచి, నేపాళం ఎట్టుండాడని అడిగాడు. పక్కనవాళ్ళు అలవాటుగా నవ్వారు.

“ఆయన పేరు మణికుమార్,” అంది జయశీల. “ఇంక ఈ షెడ్డులో ఆ మాట అన్నోళ్ళకు అన్నం పెట్టను.”

హజరత్తయ్య తేలిగ్గా తీసుకున్నాడు. పేరు పెట్టిందే నువ్వు గదక్కా అన్నాడు. సరదాకన్న మాటకు ఇంత రాద్ధాంతమా అన్నాడు. తను మద్రాసు హోటల్లో మూడేళ్ళు పనిచేస్తే, తెలుగువాడినని అందరూ ఎగతాళిగా గొల్టీ గొల్టీ అనేవాళ్ళని, దానికేమైనా చచ్చిపోయానా, తానూ నవ్వేవాడినని చెప్పాడు.

జయశీల గరిటె పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

“నవ్వొచ్చిందా అన్నా నీకు?”

ఒక లారీ వచ్చి, దుమ్ము రేపి పోయింది.

“రాలా,” అన్నాడు. “నవ్వినాను.”

ఆమె వరసగా పళ్ళేలు పెట్టుకుంటూ పోయింది. వెల్డింగు కుర్రాళ్ళ ముందు ఆగి, ఒక్కొక్కరి పేరు అడిగింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. త్రినాథ్, ఖగేశ్వర్, మూడోవాడి పేరుకు ఆమె నోరు తిరగలేదు. రెండుసార్లు చెప్పించుకుంది.

పప్పు గిన్నె సగం ఖాళీ అయ్యాక ఫోన్ మోగింది. అవతల ఆడగొంతు.

“మణికుమార్ తాలూకు వాళ్ళేనా?”

ఎవరీ మణికుమార్ అని ఒక్క క్షణం తోచలేదు. తర్వాత తోచింది. జయశీల గిన్నె బల్ల మీద దించింది.

“మా మనిషే,” అంది.

షారన్ సిస్టర్ నెమ్మదిగా చెప్పింది. నిద్రలోనే పోయాడని, బాధపడలేదని. పరీక్ష ముందే జరిగి ఉంటే ఏమయ్యేదో సిస్టర్ చెప్పలేదు, జయశీల అడగలేదు. ఫోన్ బొడ్లో దోపుకుని, మిగిలిన వాళ్ళకు వడ్డన పూర్తి చేసింది. హజరత్తయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో చెల్లెలి కొడుకుకు కబురు చెప్పాడు. ఆధార్ కాగితం వెనకున్న నంబరు ఆమె చెబుతుంటే, ఒక్కో అంకె నొక్కాడు.

ఆ కుర్రాడు మూడో రోజుకు రైలు దిగాడు. అచ్చం అదే గుండ్రటి మొహం. పెన్న ఒడ్డున దహనం అయ్యాక, చావు కాగితం మీద పేరు సరిగ్గా ఉందో లేదో జయశీలే అతని చేత చదివించింది. అస్థికలు, ఆధార్ కాగితం, ఖాకీ చొక్కా అతను పట్టుకుపోయాడు. గోడౌను గదిలో ఉన్న ట్రంకుపెట్టెలోంచి ఒకటి మాత్రం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అతని అమ్మ అల్లిందట.

నెల్లూరు ఎండలో ఎవరికీ అక్కర్లేని ఆ ఊదారంగు ఉన్ని మఫ్లరు, కర్పూరపు ఉండల వాసన ఇంకా పోక, మెస్సు వెనక తీగ మీద రెండు మసిగుడ్డల మధ్య సముద్రపు గాలికి ఊగుతోంది.