మూడు మాటల వేషం

చొక్కాని మళ్ళీ చన్నీళ్ళలో ముంచి, గుండె దగ్గరి మరక మీద ఉప్పు చల్లి రుద్దుతున్నాను. తొట్టిలో నీళ్ళు ఇంకోసారి ఎర్రబడ్డాయి. నా వెనకాల అంబ్రోజ్ గోడ నుంచి గోడకి నడుస్తున్నాడు. మా గది చిన్నది, అతని అడుగులు పెద్దవి. అందుకని ప్రతి వాక్యం సగంలో వెనక్కి తిరగాల్సి వస్తుంది.

"ఊ, అందించు," అన్నాడు.

"తోట తలుపు దగ్గర కాపలా లేదు," అన్నాను, కాగితం వైపు చూడకుండానే.

"కాపలా లేదా! అయితే దేవుడే నిద్రపోతున్నాడు, నేను మేలుకుంటాను!" అని చెయ్యి పైకెత్తాడు. ఎండబెట్టిన ఉల్లిపాయల గుత్తి తగిలి రెండు కింద రాలాయి. "ఇవి ఇక్కడే వేలాడదియ్యాలా? వేరే చోటే దొరకలేదా నీకు?"

నేను వంగి అవి ఏరి తొట్టి పక్కన పెట్టుకున్నాను.

నటులకి నాటకం మొత్తం ఇవ్వరు. కాగితం ఖరీదు, పైగా ఇంకో కంపెనీకి అమ్ముకుంటారని భయం. ఎవరి మాటలు వాళ్ళకే రాసిస్తారు, పొడుగాటి కాగితం చుట్టలో. అవతలి మనిషి ఏం మాట్లాడాడో అందులో ఉండదు. అతని మాటల తోక ఒక్కటి ఉంటుంది, రెండో మూడో మాటలు. ఆ తోక వినబడగానే తన మాట ఎత్తుకోవాలి. ఇంట్లో ఆ తోకలు అందించే పని నాది. డ్యూకు తోక, కాపలావాడి తోక, కూతురి తోక. మా ఊళ్ళో ఒక ముసలమ్మ అక్షరాలు చెప్పేది. చదవడం వచ్చాక, రాయడం ఆడపిల్లకెందుకని ఆపేసింది. ఆ చదువు నాకు ఇలా పనికొచ్చింది. నా మొగుడు గొప్పగా మాట్లాడాలంటే ముందు నేను ఏదో ఒక ముక్క మాట్లాడాలి.

ఉతుకుతున్నది అతని చొక్కా కాదు. ఫెన్ గారిది. నాటకశాల ఫెన్ గారిదే, బట్టల పెట్టెలూ ఆయనవే, డ్యూకు వేషమూ ఆయనదే. చివర్లో అంబ్రోజ్ ఆయన్ని పొడుస్తాడు. కత్తికి మొన ఉండదు. చొక్కా లోపల కసాయి దగ్గర తెచ్చిన గొర్రె తిత్తి, దాన్నిండా గొర్రె రక్తం. అది పగలగానే ఆవరణలో నిలబడ్డ జనం ఈలలు వేస్తారు. ఆట అయ్యాక చొక్కా మూటగట్టి మా ఇంటికి పంపిస్తారు. నేను ఉతికి, చిరుగు కుట్టి, ఆరబెట్టి తిరిగి పంపుతాను. ఫెన్ గారిని మా ఆయన చంపుతాడు, నేను బతికిస్తాను. చంపినందుకు కూలి ఉంది, బతికించినందుకు లేదు. చాకలామెకి వేయొచ్చు కదా అని ఒకసారి అన్నాను. "ఇంట్లో నువ్వుండగా బయటివాళ్ళెందుకే?" అన్నాడు, నన్ను మెచ్చుకుంటున్నట్టు.

రక్తానికి వేడినీళ్ళు తగలకూడదని నాకు మా అమ్మ చెప్పింది, పన్నెండేళ్ళప్పుడు. నేను మా చెల్లెలు లెట్టిస్‌కి చెప్పాను. ఆ పాఠం మగవాళ్ళకి ఎవరూ చెప్పరు. వాళ్ళకి అవసరం పడదు.

కిందటి చలికాలం ముందు అమ్మ పోయాక లెట్టిస్ మా ఊరి నుంచి నా దగ్గరికి వచ్చేసింది. మాతోనే ఉండే అత్త, అంబ్రోజ్ తల్లి, ఇల్లంతా ఒకసారి చూసి, "ఇంకో నోరు," అంది. అంబ్రోజే ఫెన్ గారింట్లో పనికి కుదిర్చాడు. "పెద్ద ఇల్లు. పద్ధతులు నేర్చుకుంటుంది. అందరికీ దొరుకుతుందా అలాంటి చోటు?" అన్నాడు. లెట్టిస్ కూడా సంతోషంగానే వెళ్ళింది. దానికి దేనికైనా నవ్వొస్తుంది. కోడి కాలు జారినా నవ్వుతుంది.

క్రిస్మస్ వెళ్ళాక ఒక మధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చి ఇదే గుమ్మంలో కూచుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. దాని లోపలి గౌను ఇదే తొట్టిలో, ఇలాగే చన్నీళ్ళలో ఉతికాను. ఎవరని అడిగాను. చెప్పింది.

అంబ్రోజ్ ఇంటికొచ్చాక అతనికి చెప్పాను. మంచం అంచున కూచుని చాలాసేపు నేల చూశాడు. అతని కత్తి మేకుకి వేలాడుతోంది. అతను లేచాడు. అతనికేమైనా అవుతుందని భయపడుతూనే, వెళ్ళాలని కోరుకున్నాను. అతను వెళ్ళి కిటికీ తలుపు మూశాడు.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు. "గోడ అవతల మనుషులున్నారు."

"ఏం చేద్దాం?"

"ఏం చేస్తాం? చెప్పు, నువ్వే చెప్పు. వెళ్ళి ఆయన్ని పొడవనా? ఆయన ఒక్క మాట అంటే రేపు నాకు ఈ ఊళ్ళో ఏ కంపెనీలోనూ పని ఉండదు. నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?"

బాధ ఉంది. నిజంగానే ఉంది. రాత్రి భోజనం ముట్టకుండా పడుకున్నాడు. పొద్దున లేచి నాటకశాలకి వెళ్ళాడు.

అత్తయితే అంత దూరం కూడా రాలేదు. "పిల్ల కాస్త ఒద్దికగా ఉండాల్సింది. ఎప్పుడు చూసినా పళ్ళు బయటపెట్టి నవ్వుతుండేది," అంది.

తర్వాత కొన్నాళ్ళకే అంబ్రోజ్‌కి తండ్రి వేషం వచ్చింది. అప్పటిదాకా అతను ఉత్తరం తెచ్చే నౌకరు, కాగడా పట్టుకునే సైనికుడు, శవాన్ని కాళ్ళ వైపు మోసేవాడు. ఇప్పుడు నాటకమంతా అతనే. పాడైపోయిన కూతురి కోసం పగబట్టి, డ్యూకునీ, డ్యూకు కొడుకునీ, అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ నరికే ముసలి సేనాపతి. ఫెన్ గారు ఆ వేషం అతనికే ఎందుకిచ్చారో మా ఇంట్లో ఎవరూ పైకి అనుకోలేదు. ఆ రోజు అతను బాతు తెచ్చాడు. అందరం తిన్నాం. మా పైగదిలోనే ఉండిపోయిన లెట్టిస్ కూడా తింది. దానికి ఆకలిగా ఉంది, అప్పటికే ఇద్దరి ఆకలి.

"ఎక్కడున్నాం?" అంబ్రోజ్ కూజాలోంచి బీరు వంచుకుంటూ అడిగాడు.

"తోట తలుపు అయింది. చర్చి సమాధుల దగ్గర."

"ఆఁ, సమాధులు. ఇక్కడ గొంతు దించాలి. నిన్న మరీ ఎక్కువ అరిచేశాను. చొక్కా త్వరగా కానియ్. నిన్నటిది సరిగా ఆరలేదని ఫెన్ గారు చిరాకుపడ్డారు."

"సరే."

ఆ కాగితం చుట్టలో కూతురి తోక ఒక్కచోటే వస్తుంది. 'నన్నేమీ అడగకు నాన్నా.' అంతే. దాని వెంట అంబ్రోజ్‌ది పెద్ద ప్రసంగం ఉంది. ఇంటికొచ్చిన కూతురు ఆ మాటలు అనగానే తండ్రి ఎత్తుకుంటాడు. ఆ మూడు మాటలు అందిస్తూ నేను ఎన్ని రోజులు దాని ముందేముందో ఊహించుకున్నానో! ఆ అమ్మాయి ఎక్కణ్ణుంచి నడిచొచ్చింది, దారిలో ఎవరైనా చూశారా, చలేసిందా, ఇవన్నీ చెప్పి, ఇక చెప్పలేక చివర్లో ఆ మాట అంటుందనుకున్నాను. రాసిన ఆయన ఎవరో గానీ ఆడపిల్ల నోట అంత చెప్పించాడంటే మంచివాడే అయుంటాడనుకున్నాను. పాత్రలు కడుగుతూ ఆ ముందు మాటలు నేనే కల్పించుకుని లోపల్లోపల చెప్పుకునేదాన్ని కూడా.

ఈస్టర్ అయ్యాక అత్తా నేనూ ఆట చూడ్డానికి వెళ్ళాం. ఆవరణలో జనం మధ్య నిలబడ్డాం. కూతురు వేషం వేసిన కుర్రాడు జుట్టు విరబోసుకుని వచ్చాడు. వచ్చి, తండ్రి వైపు చూసి, "నన్నేమీ అడగకు నాన్నా," అన్నాడు. అని పడిపోయాడు. దానికి ముందు ఏమీ లేదు. వేషం మొత్తం ఆ మూడు మాటలే. తోక అనుకున్నది తోక కాదు, ఆమె మొత్తం అదే. ఆ తర్వాత ఆమెని మోసుకుపోయారు. ఇక ఆమెతో ఎవరికీ పని లేదు, ఆమె పేరుతోనే పని. మా ఆయన ముందుకొచ్చి కన్నీళ్ళతో, నిజం కన్నీళ్ళతో, "అడగను తల్లీ! నీ కంట్లోంచి రాలిన బొట్టు బొట్టుకీ ఒక్కో గొంతు కోస్తాను!" అన్నాడు. ఆపిల్ పళ్ళమ్మే ఆవిడ బుట్ట కింద పెట్టి మరీ ఏడ్చింది. అత్త ముక్కు చీది, "చూశావా, కన్నతండ్రంటే అలా ఉండాలి. ఆడదానికి అలాంటివాడొకడుంటే ఇంకేం కావాలే!" అంది.

ఇంటికొచ్చేసరికి లెట్టిస్ వాంతి చేసుకుంటోంది. "ఆ కుండ బయట పెట్టుకో, వంట దగ్గరా ఏమిటది?" అంది అత్త, కళ్ళింకా తడిగానే ఉండగా.

ఇప్పుడు జూన్. గౌను కింద దాచలేనంత అయింది. ఎదురింట్లో కొవ్వొత్తులమ్మే ఆవిడ చూసింది, ఆదివారానికి చర్చి పెద్దలకి తెలిసింది. ఈ పొద్దున ప్రార్థన అయ్యాక లెట్టిస్ వాళ్ళ ముందు నిలబడాలి. బిడ్డకి తండ్రి ఎవడని అడుగుతారు. చెబితే పోషణ వాడి మీద పడుతుంది. చెప్పకపోతే దాన్ని తెల్లదుప్పటి కప్పి చర్చిలో అందరి ముందు నిలబెడతారు. కొరడా దెబ్బలూ ఉండొచ్చు. తర్వాత మా ఊరికి తరిమేస్తారు. అక్కడ దానికి ఎవరూ లేరు.

నిన్న అంబ్రోజ్ నన్ను పక్కకి పిలిచాడు.

"నేనంతా ఆలోచించాను. 'ఎవడు?' అని అడుగుతారు. 'ఓడ మనిషండీ, పేరు తెలియదు,' అనాలి. 'ఎక్కడున్నాడు?' అంటే, 'ఓడెక్కి పోయాడండీ,' అనాలి. రెండే మాటలు. చిన్న వేషం. నువ్వు దానికి నేర్పు. నువ్వు అందిస్తే ఎవరికైనా వచ్చేస్తుంది."

"దెబ్బలు కొడితే?"

"కడుపుతో ఉన్నదాన్ని కొట్టరులే. కాస్త ఏడిస్తే అసలే కొట్టరు. పెద్దల్లో ఒకాయన ఫెన్ గారితో కలిసి తాగుతాడు, నేను కనుక్కున్నాను. ఇది దాని మంచికే. ఫెన్ గారి పేరు చెప్పిందనుకో, నమ్మరు. నమ్మినా మన నోట్లో మట్టే. ఆలోచించు."

ఆలోచించాను. నమ్మకపోవచ్చనేది నిజం. మన నోట్లో మట్టి అన్నదీ నిజం. ఆ రెండు నిజాలూ పట్టుకుని మేడమెట్లెక్కి లెట్టిస్‌కి నేర్పాను. అవును, నేనే నేర్పాను. "ఎవడు?" అన్నాను. "ఓడ మనిషండీ, పేరు తెలియదు," అంది. "ఎక్కడున్నాడు?" అన్నాను. "ఓడెక్కి పోయాడండీ." ఒక్క తప్పు రాలేదు. అంబ్రోజ్‌కంటే త్వరగా వచ్చేసింది దానికి. అంతా అయ్యాక నా వైపు చూసి అడిగింది:

"అక్కా, ఆ ఓడ మనిషి ఎలా ఉంటాడు? జుట్టు ఏ రంగని అడిగితే ఏం చెప్పాలి? బావ చెప్పలేదా?"

పరాచికమాడుతోందనుకుని మొహం చూశాను. ఆడటం లేదు. తప్పు చెబితే బావకి కోపమొస్తుందని దాని భయం.

ఇప్పుడు మెట్ల మీద చప్పుడైంది. లెట్టిస్ కిందికి వచ్చింది. నా పాత బూడిదరంగు పైవస్త్రం కప్పుకుంది, అది ముందు వైపు కలవడం లేదు. అంబ్రోజ్ దాని వైపు చూడకుండా, "బాగా వచ్చిందా నీకు?" అన్నాడు. అది తలూపింది. "మంచిది. నేనూ వచ్చేవాణ్ణే, నాటకశాలలో పిలుపుంది. మీ అక్క వస్తుంది. ఏయ్, వెళ్ళేలోపు ఆ ఇంటికొచ్చే ఘట్టం ఒక్కసారి కానియ్యవే. నిన్న అక్కడే తడబడ్డాను."

ఆ ప్రసంగానికి ముందు అతనికొక అలవాటుంది. గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంటాడు. దుఃఖం లోపలి నుంచి రావాలంటాడు. తోక వినబడే దాకా కదలడు.

అలాగే నిలబడ్డాడు.

లెట్టిస్ నా దగ్గరికొచ్చి తొట్టి మీదుగా వంగింది. "అక్కా, మొదటి మాట మర్చిపోయాను. ఇంకొక్కసారి అందించవూ?" అని గుసగుసగా అడిగింది.

"మర్చిపో," అన్నాను.

"మరి ఎవడంటే?"

"ఎవడో నీకు తెలుసు కదా. ఎలా ఉంటాడో కూడా తెలుసు. మొదటి నుంచీ చెప్పు, నడిచొచ్చిన దారితో సహా. నేను పక్కనే ఉంటాను."

"నమ్మకపోతే?"

"నేనూ చెబుతాను. గౌను ఉతికింది నేనే."

అది నెమ్మదిగా నా చేతులు నీళ్ళలోంచి పైకి తీసి తన పైవస్త్రం అంచుతో తుడిచింది.

"ఊ," అన్నాడు అంబ్రోజ్ గోడ వైపు నుంచి, కళ్ళు తెరవకుండా. "అందించు."

చొక్కా తొట్టిలోనే ఉంది, ఒక చెయ్యి బయటికి వేలాడుతూ. పిండలేదు, ఆరెయ్యలేదు. గుమ్మంలో అత్త కూచుని ఒళ్ళో బఠాణీకాయలు పోసుకుని వలుస్తోంది. మమ్మల్నిద్దర్నీ చూసింది, లోపల గోడ వైపు తిరిగి ఉన్న కొడుకుని చూసింది, నా తడి చేతుల్ని చూసింది. అన్నీ విందని తెలుస్తూనే ఉంది. నోరు తెరిచింది. నేను ఆగాను.

అత్త నోరు మూసుకుంది. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని దారిచ్చింది.

"అందించవే, ఎంతసేపు!" అన్నాడు లోపల అతను, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

నేను లెట్టిస్ చెయ్యి పట్టుకున్నాను. ఏమీ అనకుండా గుమ్మం దిగాను.