చేతులెత్తిన రోజు

తిరుత్తణి నేతవీధుల్లో దండపాణి పద్నాలుగేళ్ళు సొసైటీ ప్రెసిడెంటు. లుంగీలు, అంచు చీరలు నేయించి ఊరూరా అమ్మించినాయన. ఆయన మాట అక్కడ చెల్లేది.

డెబ్భై ఆరులో మద్రాసు నుంచి గోపాలన్ అనే ఏజెంటు వచ్చాడు. ముడతలు ముడతలుగా ఉండే ఒక రకం గుడ్డకి విదేశాల్లో మోజు పుట్టిందట. ఎంత నేసినా కొంటామన్నాడు, కూలి రెట్టింపన్నాడు. కొన్నాళ్ళకి మగ్గాలన్నీ దానికే తిప్పమన్నాడు. దండపాణి ఒప్పుకోలేదు. సగం మగ్గాల మీద చీరలు ఉండాల్సిందేనన్నాడు.

గోపాలన్ వాదించలేదు. సొసైటీ ఎన్నికలో తను చెప్పిన మనిషి గెలవకపోతే ఆర్డరు ఇంకో ఊరికి పోతుందని వీధి వీధికీ చెప్పించాడు.

ఎన్నిక అంటే అందరి ముందూ చేతులెత్తడమే. ఎన్నిక రోజు పొద్దున తమ్ముడు ఏకాంబరం వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, ఈతూరి నీకు చెయ్యెత్తలేను. మగ్గం నిలిచిపోతే పిలకాయలకి ఏం పెట్టేది?"

దండపాణి కండువా భుజాన వేసుకుని గడప దాకా వచ్చాడు.

"ఎత్తురా. నేనేమీ అనుకోను," అన్నాడు.

ఆయనకి లేచినవి పదకొండు చేతులే. ఏకాంబరం తల వంచుకునే అవతలి మనిషికి చెయ్యెత్తాడు. ఆ రాత్రి దండపాణి భార్య తిరుమలమ్మ వడ్డించిన అన్నం అలాగే ఉండిపోయింది.

రెండేళ్ళు బాగానే గడిచాయి. చీరల మగ్గాల సామానంతా పాత సామాన్ల వాడికి అమ్మేశారు. తర్వాత ఉన్నట్టుండి ఆర్డర్లు ఆగిపోయాయి. విదేశాల్లో ఆడవాళ్ళు ఆ గుడ్డ వేసుకోవడం మానేశారట. గోపాలన్ మళ్ళీ రాలేదు. కొత్త ప్రెసిడెంటు సొసైటీకి తాళం వేశాడు.

సొసైటీ ఇచ్చే నూలు దొరక్క దండపాణి మగ్గమూ ఆగింది. చివరికి అన్నదమ్ములిద్దరూ తిరువళ్ళూరు దాకా బస్సులో, అక్కణ్ణించి ఎలెక్ట్రిక్ రైల్లో మద్రాసు పక్కనున్న అంబత్తూరు వెళ్ళి ఒక ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డారు. గుమాస్తా ఏం పని వచ్చునని తమిళంలో అడిగాడు. నేతపని అన్నాడు ఏకాంబరం. గుమాస్తా కాగితం మీద ఇద్దరి పేర్ల పక్కనా కూలీ అని రాసుకుని, మర్నాటి నుంచి పనికి రమ్మన్నాడు.

తిరుగు రైల్లో ఏకాంబరం కళ్ళు తుడుచుకుంటూ, "నేను చేసిందే అన్నా ఇదంతా," అన్నాడు.

"నువ్వు ఎత్తకపోయినా ఇదే జరిగుండును," అన్నాడు దండపాణి. ఆ మాట తనే నమ్మలేదు.

ఎదురు సీటు ముసలాయన మీరేం చేస్తారని అడిగాడు. కంపెనీలో పని అని చెప్పాడు దండపాణి. ఆ మొదటిసారి కిటికీ వైపు తిరిగి చెప్పాడు. నెల తిరిగేసరికి అలా చెప్పడం అలవాటైంది.