మినహాయింపులు: సున్న

ఆ ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ప్రింటరు మొరాయించినా, తెర నల్లబడినా, పాస్‌వర్డు మరిచిపోయినా అందరి నోటా ఒకటే మాట, "సిస్టంగారూ!" అని. పన్నెండేళ్ళుగా వినీ వినీ అతను కూడా ఆ పిలుపుకే పలకడం అలవాటు చేసుకున్నాడు.

అక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించింది, అప్పటికే ఆ ఆఫీసులో ఉన్న అక్క మొగుడు. పరీక్ష రాసి నెగ్గింది మాత్రం తనే. అయినా చేరిన మొదటి నెలలోనే, టీ గది దగ్గర ఎవరో "అంతా బావగారి చలవ" అనడం చెవిన పడింది. ఆ ముల్లు లోపలే విరిగిపోయింది. బావకి ఒక్క పిసరు మేలు చేసినట్టు ఎవరికీ కనబడకూడదని ఆ రోజే పంతం పట్టాడు. ఆఫీసుకి కొత్త కుర్చీలు వస్తే బావకి అందరికన్నా ఆఖర్న ఇచ్చేవాడు. "ఏవోయ్, నా వంతు ఈ ఏడాదేనా, వచ్చే ఏడాదా?" అని నవ్వేసేవాడు బావ.

బావకి చూపు లేదు. పంతొమ్మిదో ఏట జబ్బు చేసి పోయింది. ఫ్యాక్టరీల్లోనూ గోదాముల్లోనూ ప్రమాదాలు జరిగితే విచారణ చేసే ఆఫీసు అది. సాక్షులు చెప్పిందంతా రికార్డు చేస్తారు. ఆ రికార్డు విని పొల్లు పోకుండా టైపు చెయ్యడం బావ పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ పక్కన. ఎడమ చెవిలో సాక్షి, కుడి చెవిలో కంప్యూటరు. తెర మీద పడ్డ ప్రతి మాటనీ పైకి చదివే ప్రోగ్రాం ఒకటి ఆ మిషనులో ఉండేది. ఆడగొంతు. మామూలు చెవికి అది పిట్టల కిచకిచలా వినబడేది. బావకి మాత్రం నింపాదిగా కబుర్లు చెప్పినట్టే ఉండేది. అక్క దానికి సవతి అని పేరు పెట్టింది. "ఇంట్లో నేను పదిసార్లు అరిచినా ఉలకరు పలకరు. అక్కడ ఆ మహాతల్లి గుసగుసలాడితే చాలు, పది వేళ్ళూ పరుగులు పెడతాయి" అనేది.

ఇలా ఉండగా పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్లన్నిట్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టం పాతబడింది, దాన్ని తయారుచేసినవాళ్ళు ఇక మరమ్మతులు చెయ్యరు. అంటే రేపు ఏ దొంగ కన్నం వేసినా పూడ్చే నాథుడుండడు. కాబట్టి ప్రతి శాఖా తన మిషన్ల జాబితా పంపాలి. కొత్త సిస్టం వేసేవి ఎన్ని, ఊరికే దొరికే లినక్స్ అనే ఇంకో సిస్టం వేసేవి ఎన్ని, తప్పనిసరై నెట్‌వర్కు తీసేసి పాతదానితోనే ఉంచేవి ఎన్ని. ఈ చివరి రెండింటికీ కలిపి ఫారంలో 'మినహాయింపులు' అనే గడి ఉంది. అందులో అంకె వేస్తే పక్కన కారణం రాయాలి.

మొత్తం అరవై నాలుగు మిషన్లు. సిస్టంగారు తన గదిలో మూడు బల్లల మీద మూడు రకాలూ పెట్టుకుని వారం రోజులు పరీక్షలు చేశాడు. అరవై మూడింటికి పేచీ లేదు, కొత్తది హాయిగా నడుస్తుంది. చిక్కంతా బావ మిషనుతోనే. ఆ చదివే ప్రోగ్రాం కొత్తదాంట్లో తెరుచుకోనే లేదు. తయారుచేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతబడింది. లినక్స్‌లో అలాంటి ప్రోగ్రామే ఇంకొకటి, అదీ ఊరికే దొరికేదే, ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నలభై నిమిషాలు చూశాడు. గొంతు మోటుగా ఉంది, డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు. కానీ తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువుతోంది. విచారణ రికార్డు కూడా నడుస్తోంది. బావ పనికి అంతకుమించి అక్కర్లేదు. అదీ వద్దనుకుంటే పాత మిషనునే నెట్‌వర్కు వైరు పీకి ఉంచెయ్యొచ్చు. ఏదైనా గడిలో 'ఒకటి' అని వేస్తే సరిపోతుంది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర బావ అడిగాడు కూడా.

"ఏవోయ్, అన్నీ మార్చేస్తున్నారటగా. నా మిషను సంగతేంటి?"

"చూస్తున్నాను బావా."

"నువ్వున్నావుగా, నాకేం" అని కర్ర తాటిస్తూ దిగిపోయాడు బావ.

మర్నాడు మీటింగు. ఆఫీసరు మేడం ముందు జాబితా పెట్టాడు. పద్దుల సెక్షను పెద్దాయన తన మిషను మార్చొద్దని అప్పటికే గొడవ చేస్తున్నాడు. పాతికేళ్ళ అలవాటట, కొత్తదాంట్లో బొమ్మలెక్కడున్నాయో వెతుక్కోలేడట. అలవాటు కారణం కాదు, కుదరదు అన్నాడు సిస్టంగారు. ఆ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అందరికీ వినబడేలా అన్నాడు.

"మాలాంటివాళ్ళకి కుదరదు లెండి. ఇంటివాళ్ళకైతే గడి ఖాళీగా ఉందిగా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. విరిగిన ముల్లు మీద మళ్ళీ ఎవరో వేలు పెట్టి నొక్కినట్టయింది.

"అయితే మినహాయింపులు ఎన్ని?" అని అడిగింది మేడం.

"ఏం లేవు మేడం" అన్నాడతను. అని, అందరూ చూస్తుండగానే గడిలో సున్న చుట్టాడు. ఆ క్షణాన గుండెల నిండా ఏదో గొప్పతనం పొంగింది. నేను ఎవరి మనిషినీ కాను, చూసుకోండి! తరవాత మెల్లగా బావకి వేరే ఏర్పాటు చెయ్యొచ్చులే అనుకున్నాడు.

శని, ఆదివారాల్లో మిషన్లన్నీ మారిపోయాయి. సోమవారం పొద్దున్న బావ వచ్చి కూర్చుని, చెవుల్లో రెండూ పెట్టుకుని, మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తల పక్కకి వంచి చాలాసేపు విన్నాడు.

"మాట్లాడటం లేదురా" అన్నాడు.

ఆఫీసులో అతన్ని 'రా' అనడం అదే మొదటిసారి. చిన్నపిల్లాడు బజారులో చెయ్యి వదిలేస్తే పిలిచినట్టుంది ఆ పిలుపు.

"రెండ్రోజులాగు బావా. కొత్త ప్రోగ్రాం కొనిపిస్తాను."

కొనడానికి అర్జీ పెట్టాడు. మూడు వారాలకి జవాబొచ్చింది: మినహాయింపుల జాబితాలో ఉన్న మిషన్లకే ప్రత్యేక కొనుగోళ్ళు, మీ శాఖ జాబితా ప్రకారం అలాంటివి లేవు. లినక్స్ వేస్తానని రాశాడు. దానికీ అదే జవాబు. తను చుట్టిన సున్న తన మెడకే చుట్టుకుంది. సున్న తప్పని రాస్తే, ఎందుకు చుట్టావంటారు. ఆ కాగితం రాయడానికి చెయ్యి రాలేదు.

పని ఆగదుగా. టైపు పనిని బయటి కంపెనీకి అప్పజెప్పారు. బావని వాకిట్లో ఎంక్వయిరీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళకి ఏ గది ఎటో చెప్పడం ఉద్యోగం. జీతంలో కోత లేదు, మాటలో గౌరవం తగ్గలేదు. పైగా "మీకు విశ్రాంతి దొరికింది మాస్టారూ" అన్నారు అందరూ. నూటికి నూరుపాళ్ళు మంచి మనసుతోనే అన్నారు. బావ రోజంతా బల్ల అంచు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవాడు. సిస్టంగారు వెనక గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు.

ఒక రోజు కుడి చేతికి కట్టుతో ఒకాయన వచ్చి బావ ముందు కాగితం పెట్టాడు.

"అయ్యా, నేను ఇలా అన్లేదు. మిషను ఆపమన్నాను అని చెప్పాను. ఇక్కడ ఆపనన్నాను అని కొట్టారు. తప్పంతా నాదేనంటున్నారు."

'మ'కి బదులు 'న'. ఒక్క అక్షరం. వెనకాల యంత్రం రొదలో కలిసిపోయే అక్షరాన్ని పట్టుకోవడానికే బావ ఇరవై రెండేళ్ళు చెవి అరగదీసుకున్నాడు. ఇప్పుడు తను చెప్పగలిగింది ఒకటే.

"ఏడో గదికి వెళ్ళండి బాబూ. కుడివైపు."

ఆ రోజు నుంచి ఇంట్లో బావ వాలకం మారిందని అక్క తరవాత చెప్పింది. కొడుకు చదువుకుని వదిలేసిన పాత లాప్‌టాప్ ముందేసుకున్నాడు. ఫోన్లో ఎవరెవరినో, చూపు లేని వాళ్ళనే, వెతికి పట్టుకుని, వాళ్ళని అడిగి లినక్స్ వేసుకున్నాడు. మొదటి నెల ఆ మోటు గొంతు వింటే తలనొప్పి. రెండో నెల తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. నాలుగో నెలకి పాత వేగం వచ్చేసింది. బావమరిదిని ఒక్కసారి కూడా సాయం అడగలేదు.

అప్పుడు తిన్నగా మేడం దగ్గరికి వెళ్ళాడు, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని. "ఆ చేతికి కట్టున్నాయన రికార్డు ఇప్పించండి. నేను కొట్టి చూపిస్తాను" అన్నాడు. మేడం సిస్టంగార్ని కూడా పిలిపించింది.

పది నిమిషాల రికార్డు. గదిలో మీటల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బావ ఒక్క చోట మాత్రం ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, కొట్టాడు. 'ఆపమన్నాను.' మేడం ఇయర్‌ఫోన్లు తీసుకుని అదే చోట మూడుసార్లు విన్నది.

"మీరే రైటు. దీన్ని ఇవాళే సరిచేయిస్తాను" అంది. నిజంగానే చేయించింది కూడా. ఆ మనిషికి న్యాయం జరిగింది.

తరవాత సిస్టంగారి వైపు తిరిగింది. "ఇంత బాగా నడుస్తుంటే జాబితాలో ఎందుకు పెట్టలేదు? గడి ఉందిగా?"

అప్పుడే చూశాను మేడం, అప్పుడూ నడిచింది, నలుగురూ ఏదో అంటారని సున్న చుట్టాను. ఇంతే చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది.

"అప్పట్లో ఇది సరిగ్గా పనిచేసేది కాదు మేడం. నేను పరీక్షించాను" అన్నాడు.

"ఇప్పుడు వేస్తే నడిపించగలరా?"

"మిగతావన్నీ ఒక రకం, ఇదొక్కటీ ఇంకో రకం అంటే... రేపు ఏదైనా జరిగితే బాధ్యత... కష్టం మేడం." ఒక అబద్ధం నిలబడాలంటే రెండోది కాపలా ఉండాలి కదా.

మేడం నిట్టూర్చింది. "మీరే అలా అంటే నేను పైకి ఏం రాయను?"

బావ ముఖం ఇటు తిరిగింది. చూపు లేని ముఖమే. కానీ సాక్షుల గొంతులు విని విని పండిపోయిన చెవులు ఇటు తిరిగాయి. నిజం ఎక్కడ తడబడుతుందో, అబద్ధం ఎక్కడ గొంతు సవరించుకుంటుందో ఆ చెవులకి ఒకరు నేర్పక్కర్లేదు. బావ లాప్‌టాప్ మూసి, వైరు చుట్టి, లేచాడు.

వరండాలో అతను వెనకాలే వెళ్ళాడు.

"అప్పుడు ఎంతసేపు చూశావు?" అన్నాడు బావ, నడక ఆపకుండా.

"నలభై నిమిషాలు."

"పనిచేసిందా?"

గోడ మీది గడియారం తప్ప వరండాలో ఎవరూ లేరు.

"చేసింది బావా."

బావ ఆగాడు. కర్రతో నేల మీద ఒకసారి తట్టి, తల ఊపాడు.

"ఇప్పుడే వెళ్ళి మేడంకి చెప్పేస్తాను."

"చెప్పు" అన్నాడు బావ.

అతను వెళ్ళాడు. తలుపు సగం తీశాడు. మేడం ఫోనులో ఉంది, చేత్తో ఆగమని సైగ చేసింది. గుమ్మం బయట ఐదు నిమిషాలు నిలబడ్డాడు. ఈలోగా పద్దుల పెద్దాయన ఏదో ఫైలు పట్టుకుని వచ్చి పక్కన నిలబడి, "ఏంటి సిస్టంగారూ, చాలా కంగారుగా ఉన్నారు?" అన్నాడు. "ఏం లేదు, ప్రింటరు సంగతి" అని చెప్పి అతను తన గదిలోకి వెళ్ళిపోయాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రాలేదు. వచ్చిందల్లా నెల తిరక్కుండా బావ పెట్టుకున్న స్వచ్ఛంద విరమణ కాగితం.

ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది. ఆఫీసువాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, ఆయన పనితనం గురించి ముగ్గురు మాట్లాడారు. సిస్టంగార్ని కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు బాగాలేదని దాని వైర్లు సరిచేస్తూ గడిపాడు.

రెండు నెలలయ్యాక అక్క రమ్మని ఫోన్ చేసింది. వెళ్ళేసరికి ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద లాప్‌టాప్, దాని ముందు బావ. ఎవరో కాలేజీవాళ్ళు పంపిన పాఠాలు వింటూ కొడుతున్నాడు. మోటు గొంతు గదంతా గలగలమంటోంది. అక్క గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"నీ మేలు మరిచిపోలేనురా. నువ్వు అక్కడ ఉండబట్టే ఈయన ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చారు. ఆ కొత్త యంత్రాలొచ్చినప్పుడు నువ్వెంత పోరాడి ఉంటావో, ఈయన నోరు విప్పి చెప్పరు గాని నాకు తెలీదా?"

బావ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. అతనికి బావ చెబుతాడేమోనని భయం వేసింది. చెబితే బాగుండునని కూడా అనిపించింది. బావ చెప్పలేదు.

"నిలబడే ఉన్నట్టున్నారు. కూర్చోండి" అన్నాడు ఇటు తిరక్కుండానే.

"అదేంటండీ, వాణ్ణి 'మీరు' అంటున్నారు కొత్తగా!" అని అక్క పకపకా నవ్వింది.

బావ రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అతను ఇంకాసేపు కూర్చుని, అక్క అడిగిన వాటికి అవుననీ కాదనీ చెప్పి, లేచాడు. వీధి చివరిదాకా సాగనంపుతూ, నెలకోసారైనా రారా, ఆయనకి మాట్లాడేవాళ్ళు కావాలి అంది అక్క. పని ఒత్తిడిగా ఉందే అన్నాడు. అక్క నమ్మింది.