కరువెరగని టేకు

మైలవరం దగ్గర మా చర్చి సంఘంలో జక్కయ్య సాక్ష్యం వినని చెవి లేదు. ఏటా కోత పండక్కి లేచి అదే చెబుతాడు. రెండువేల రెండు కరువులో రోజూ తన టేకు మొక్క ముందు మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించాడట. చుక్క నీరు పోయకుండానే అది ఏపుగా పెరిగిందట. ఆ సాక్ష్యం బలంతోనే సంఘ పెద్ద అయ్యాడు. నాకు ఒళ్ళు మండేది. నేనూ ప్రార్థించాను, నా నిమ్మతోట నిలువునా ఎండింది మరి.

మొన్నామధ్య విజయవాడ నుంచి హెలెన్ అనే పరిశోధకురాలు వచ్చింది. చెట్ల లోపలి వలయాలు చూసి పాత వానల సంగతి చెప్పడం ఆమె పని. మంచి వానలు పడ్డ ఏడాది వలయం వెడల్పు, కరువేడాదిది సన్నం. బోలు బరమా దింపి చెట్టులోంచి పెన్సిలంత పుల్ల తీస్తుంది. గుట్ట మీది చెట్లు చాలన్నా వినకుండా జక్కయ్య ఆమెను తన పెరట్లోకి లాక్కుపోయాడు.

రెండు వారాలకు ఆమె మళ్ళీ వచ్చింది. జక్కయ్య పదిమందిని పోగేశాడు. ఆయన పరువు పోతే కళ్ళారా చూద్దామని నేనూ వెళ్ళాను.

"గుట్ట మీది వాటికి రెండువేల రెండు వలయం దారమంత ఉందండీ. మీ చెట్టుకి మాత్రం బాగా వెడల్పు" అంది హెలెన్.

"స్తోత్రం!" జక్కయ్య చేతులు పైకెత్తాడు. నా మొహం మాడిపోయింది.

"అది కాదండీ. ఎవరో నీళ్ళు పోశారు. దీనికి కరువంటేనే తెలీదు, నాకు పనికిరాదు."

"దేవుని తోడు, నేను చుక్క పొయ్యలేదమ్మా!"

"నేను పోశాన్లెండి" అంది గుమ్మంలోంచి ఆయన భార్య అమలమ్మ. "బోరింగు కాణ్ణించి రోజూ రెండు బిందెలు. మీరు ఆమేన్ అని లేచెళ్ళగానే."

జక్కయ్య గుమ్మం వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"సాక్ష్యం చెప్పేటప్పుడు మీ మొహం వెలిగిపోయేది. ఎట్టా చెప్పను?"

ఆ ఆదివారమే కోత పండగ. జక్కయ్య లేచాడు.

"కరువులో నేను ప్రార్థన చేశానండీ. ముందు విన్నది మా అమలమ్మ. ఇక మీదట ఈ సాక్ష్యం ఆవిడే చెబుద్ది" అని కూర్చున్నాడు. నవ్వుదామని వెళ్ళిన నాకు కళ్ళు చెమర్చాయి.

ఆడవాళ్ళ వరసలోంచి అమలమ్మ సిగ్గుపడుతూ లేచింది.

"ఈయన ఏడుపు చూళ్ళేక చెట్టుకి నీళ్ళు పోశానండీ. ఇద్దరూ తేరుకున్నారు."