అరచేయంత డొల్ల

మొగులమ్మ మధ్యవేలి కణుపుతో పడవ అంచును కొట్టుకుంటూ వెనక నుంచి ముందుకు నడుస్తోంది. టక్, టక్, టక్. మోకాళ్ళ దాకా నీళ్ళు. కుచ్చిళ్ళు పైకెత్తి బొడ్లో దోపుకుంది. మెడలో వేసిన నారింజ రంగు లైఫ్‌జాకెట్ బెల్టులు ఊడి వేలాడుతున్నాయి. మిగతావాళ్ళంతా దీవిని వెనక పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆమె చూపు మాత్రం తెల్లటి ఫైబర్ మీదే ఉంది.

ఈ కొట్టి చూడటం ఆమెకు పదకొండేళ్ళ అలవాటు. ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చిన రోజు దాన్నీ ఇలాగే కొట్టింది. శంషాబాద్‌లో విమానం ఎక్కుతూ తలుపు పక్కన రెండు దెబ్బలు వేస్తే, లోపల నిలబడ్డ అమ్మాయి నవ్వు ఆపుకుంది. “ఎట్లున్నది అత్తమ్మా?” అని అల్లుడు రాకేష్ అడిగితే, “మంచిగనే ఒత్తిన్రు” అని సర్టిఫికెట్ ఇచ్చేసి లోపలికి పోయింది.

పడవ ముక్కు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఆమెకు కావలసిన చోటు అక్కడే, కుడివైపు, నీళ్ళ కింద ఉంది. చెయ్యి అందలేదు.

“ఎక్కండప్పా, ఎక్కండి! అలా కొడతన్నారేటి, మీరు కట్టిన పడవే కదా!” అన్నాడు పడవ యజమాని కూర్మారావు. తాతల నాడే శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చి స్థిరపడిన కుటుంబం అతనిది, అక్కను అప్పా అనే అలవాటు ఇంకా పోలేదు. మొగులమ్మ నోరు తెరిచింది. అంతలో మనవరాలు శ్రీదివ్య పై నుంచి రెండు చేతులూ చాపింది. రెండేళ్ళు రోజూ నడిచిన పడవకు ఈ ఒక్కరోజు ఏమవుతుందిలే అని తనకు తాను చెప్పుకుని మొగులమ్మ ఎక్కేసింది.

ఆమె సముద్రం చూడటానికి రాలేదు. ఈ పడవలో తాను చేసిన తప్పు ఎలా ఉందో చూడటానికి వచ్చింది.

మొగులమ్మది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. తెల్లారకముందే ఆటోలో సంగారెడ్డి, అక్కడి నుంచి బస్సులో పటాన్‌చెరు. అక్కడ ఆమె పనిచేసే షెడ్డులో నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు, ఆర్డర్ వస్తే పడవలు చేస్తారు. మోరీ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు కనబడని చోట పడవలు తయారవుతాయంటే ఆమె పెనిమిటి ఇప్పటికీ నమ్మడు. అండమాన్ రమ్మన్నా, “నేనొస్తే బర్రెకు పాలెవలు పిండాలె?” అని ఉండిపోయాడు. ఫైబర్‌లో ఉండే గాజుపీచును రుద్దీ రుద్దీ ఆమె వేళ్ళు నున్నబడ్డాయి. రేషన్ షాపులో మిషన్ ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు, కన్ను చూపిస్తేనే బియ్యం.

అక్కడ ఆడవాళ్ళ పని పడవ తయారయ్యాక గరుకు కాగితంతో రుద్దడం వరకే. అచ్చులో పీచు పరిచి, జిగురు పోసి, రోలర్‌తో గాలి బుడగలు పోయేదాకా ఒత్తడం మగవాళ్ళ పని. రెండేళ్ళ కింద ఒక మనిషి మానేస్తే, మొదటిసారి ఆ పని మొగులమ్మకిచ్చారు. ఆమె రెండో పడవ ఇది. మే నెల, కరెంటు లేదు, రేకుల కింద ఎండ. జిగురు ఆమె ఒత్తకముందే బిగిసింది. సూపర్‌వైజర్ చూసి, “మీదికెల్లి ఇంకో పొర ఎయ్యి, ఎవలికి తెలుస్తది” అన్నాడు. వేసింది. మర్నాడు కొట్టి చూస్తే ముక్కు పక్కన అరచేయంత మేర శబ్దం మారింది. లోపల డొల్ల.

చెబితే పడవ ఆగుతుంది. అంతకన్నా, “ఆడోళ్ళ చేతికిస్తే గింతే” అని తనతోపాటు వెనక వరుసలో ఉన్న ఆరుగురినీ జన్మలో రోలర్ పట్టుకోనివ్వరు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. పడవ తయారయ్యాక తీసుకుపోవడానికి వచ్చిన కూర్మారావు, “కట్టినోళ్ళ చేత్తోనే కాయ కొట్టించాల, మా ఆనవాయితీ” అని పట్టుబట్టి ఆమె చేతికే కొబ్బరికాయ ఇచ్చాడు. కొట్టింది. అతను చీర పెట్టి, “ఎప్పుడైనా మా దీవికి రండప్పా” అని నంబరు రాసిచ్చాడు. ఆ చీర ఆమె ఇంతవరకు కట్టలేదు. కాజీపల్లి మందుల కంపెనీలో ల్యాబులో పనిచేసే కూతురు మహిత, “ఎటన్న పోదమే అమ్మా, తిరుపతా, షిర్డీనా?” అంటే, అండమాన్ అంది. తల్లికి ఇంత షోకు ఎప్పుడు పుట్టిందని మహిత ముచ్చటపడింది.

పడవ కదిలింది. కూర్మారావు ఇంజన్ మోత మీద గొంతు పెంచి అందరికీ చెప్పాడు. “ఈ పడవ కట్టింది ఈ అప్పే! హైదరాబాద్ కాడ కట్టింది. రెండేళ్ళయింది, సుక్క నీరు కారనేదు!”

పడవలో ఉన్న మరో కుటుంబంవాళ్ళు చప్పట్లు కొట్టి, ఆమె పక్కన కూర్చుని సెల్ఫీ దిగారు. మొగులమ్మకు పళ్ళు కనబడేలా నవ్వక తప్పలేదు. పొగిడిన కొద్దీ ఒళ్ళు కుంచించుకుపోయింది.

ఒడ్డు పక్కనే పోతోంది పడవ. కొండల మీద నుంచి అడవి నీళ్ళ దాకా దిగివచ్చింది. కొన్ని చెట్లు వేళ్ళ మీద లేచి నిలబడి, తడవకుండా చీర ఎత్తిపట్టుకున్న ఆడవాళ్ళలా ఉన్నాయి. లోతు తక్కువ చోట నీళ్ళు లేత ఆకుపచ్చ, ఆపైన నీలం, ఆ పైన నలుపు. అడుగున పగడపు దిబ్బల మధ్య పసుపు చారల చేపలు గుంపుగా తిరిగాయి.

“అమ్మమ్మా, సూడు సూడు! చేపకు బొట్టున్నది!” అని శ్రీదివ్య కేక పెట్టింది.

“ఉన్నదా బిడ్డా” అంది మొగులమ్మ తల తిప్పకుండానే. ఆమె ముక్కు దగ్గర కుడివైపే కూర్చుంది. అరచెయ్యి పడవ లోపలి గోడకు ఆనించి ఉంది. అక్కడ పెయింటు మీద వెంట్రుకంత సన్నని గీతలు నాలుగైదు కనబడ్డాయి. దీవి మూల తిరగగానే అల పెద్దదైంది. అల తగిలినప్పుడల్లా, పాలు పొంగే ముందు గిన్నె మీద మూత కదిలినట్టు ఆ చోటు చేతికింద కదిలింది. శ్రీదివ్య వచ్చి సరిగ్గా ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంది. మొగులమ్మ పిల్లను లాగి ఒళ్ళో పెట్టుకుంది, ఇక వదల్లేదు.

తెల్లటి ఇసుక తిన్నె దగ్గర పడవ ఆగింది. అందరూ దిగి నీళ్ళలోకి పరుగెత్తారు. మొగులమ్మ రొండిన ఉన్న సంచిలోంచి రూపాయి బిళ్ళ తీసి, కూర్మారావు చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుపోయింది. ఒక చోట కొట్టింది. టక్. జానెడు పక్కన కొట్టింది. బద్ద్ మంది.

“విన్నవా తమ్మీ? ఈడ లోపట గాలున్నది. నాకు ఎరుకుండే. చెప్పలే. ఎరుకుండే కాయ కొట్టిన.”

కూర్మారావు బిళ్ళ తీసుకుని తనూ కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. అతని మొహంలో నవ్వు ఎటుపోయిందో పోయింది.

“రెండేళ్ళ నుండి నా పిల్లలు దీనిమీదే ఇస్కూలుకి ఎల్తన్నారప్పా” అన్నాడు. తిట్టినా బాగుండేది. మొగులమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది. అతను ఫోన్ తీసి తమ్ముడి పడవను రమ్మన్నాడు.

రాకేష్, పిల్ల, మిగతావాళ్ళు ఆ పడవలో ఎక్కారు. మొగులమ్మ ఎక్కలేదు.

“నువ్వు గూడ రా అమ్మా, దాంట్ల వద్దు” అంది మహిత.

“ఆయన ఒక్కడే పడవను ఎట్ల తీస్కవోతడు? నేను కట్టిన, నేనెక్కుత.”

“చెప్తె ఏమైతుండె అప్పుడు?”

“ఏమైతుండెనో ఎరుకనే బిడ్డా. గందుకే చెప్పలే.”

మహితకు కోపం వచ్చింది, ఆ వెంటనే తల్లి కాళ్ళ మీద అంటిన ఇసుక చూసి పోయింది. “మా ల్యాబ్‌ల తప్పైతె కాయితం మీద రాసి సంతకం వెడ్తం. రాయకుంటెనే నౌకరి పోతది. నువ్వు ఇయ్యాల పెట్టినవ్ సంతకం, గంతే” అని తన స్కార్ఫు తీసి తల్లి తలకు చుట్టింది.

పడవ నెమ్మదిగా ఒడ్డు వెంబడే వెనక్కి వచ్చింది. దాంట్లో మొగులమ్మ, కూర్మారావు ఇద్దరే. మొగులమ్మ ఆ చోటును రెండు చేతులతో ఒత్తి పట్టుకుని కూర్చుంది. దానివల్ల ఉపయోగం లేదని ఆమెకు తెలుసు, అయినా పట్టుకుంది.

ఒడ్డున కూర్మారావు ఇంటి పక్కనే కొబ్బరాకుల పాక. అందులో గ్రైండరు, సగం డబ్బా జిగురు, ఒక చుట్ట గాజుపీచు ఉన్నాయి. తెచ్చిపెట్టుకున్నారు గాని వాడటం సరిగా తెలిసినవాళ్ళు లేరు. పడవను పక్కకు ఒరిగించారు. మొగులమ్మ ముందు షెడ్డుకు ఫోన్ చేసింది.

“సార్, రెండేండ్ల కింద అండమాన్‌కు పోయిన పడవల ముక్కు కాడ డొల్లున్నది. నేను ఒత్తిందే. ఇప్పుడు కోసి బాగు చేస్తున్న.”

“ఎవలన్న అడిగిన్రా నిన్ను?” అన్నాడు సూపర్‌వైజర్ గాబరాగా.

“ఎవలడగలే. నేనే చెప్తున్న. ఆ దినం మీరేమన్నరో గూడ యాదికున్నది. మల్ల ఎండల గట్ల చెయ్య, ఎవలతోని చెయ్యనియ్య.”

“వచ్చినంక మాట్లాడుదం” అని పెట్టేశాడు. ఆ మాటకు అర్థం మళ్ళీ గరుకు కాగితమే కావచ్చు. ఆమెకు భయం వేసింది, కాని రెండేళ్ళుగా గుండెల మీదున్న బరువు మాత్రం లేదు. నిండా మునిగినవాళ్ళకు చలేమిటి అనుకుని గ్రైండరు అందుకుంది.

డొల్ల ఉన్నంత మేర కోసి తీసింది. అంచులు ఏటవాలుగా రుద్దింది. పీచు ముక్కలు ఒకదాని కన్నా ఒకటి పెద్దగా కత్తిరించింది. జిగురు సిద్ధమయ్యాక చూస్తే రోలర్ లేదు. కూర్మారావు దగ్గరున్న ఇంజన్ సామాన్ల డబ్బాను మొగులమ్మ తిరగేసి, పొడుగాటి బోల్టుకు వాషర్లు వరసగా గుచ్చి, ఒక కొస కర్రకు కట్టింది. దొర్లించి చూస్తే దొర్లింది.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న కూర్మారావు భార్య కౌసల్య దగ్గరికి వచ్చి కూర్చుంది. మొగుడి మీద కోపమో, మొగులమ్మ మీద కోపమో, మొహం ముడుచుకునే ఉంది. తెల్లటి పీచు జిగురులో తడిసి అద్దంలా మారుతుంటే, ఆ మొహం మెల్లగా విప్పుకుంది.

“అదేటప్పా, ఆ తెల్ల సుక్క?”

“గదే గాలి. నడుమకెల్లి అంచుకు తోలాలె. గట్టిగ ఒత్తొద్దు, దోశె పోసినట్టు.”

“నానొకసారి సేత్తానా?”

ఈ పడవ మీద ఇంకో తప్పు పడితే ఇక మొహం చూపలేదు. అయినా రోలర్ ఇచ్చింది. మొదటి పొరలో కౌసల్య ఒత్తు ఎక్కువైంది. రెండో పొరకు తీరు దొరికింది. మూడో పొర పూర్తిగా ఆమే ఒత్తింది. మొగులమ్మ వంగి వెతికి, ఒక్క బుడగ కూడా లేదని తల ఊపింది.

నాలుగున్నరకు వాళ్ళు ఎక్కాల్సిన పెద్ద పడవ జెట్టీకి వచ్చి కూత వేసింది. అతుకు గట్టిపడింది. కూర్మారావు రూపాయి బిళ్ళ తీసి తనే కొట్టాడు. టక్. ఇంకోసారి కొట్టాడు. తప్పు తెలిసినప్పటి నుంచి మొదటిసారి మొగులమ్మ మొహంలోకి చూశాడు.

“రేపు పొద్దుగూకే దాంక నీళ్ళల్ల దించకు తమ్మీ.”

“దించనప్పా. పిల్లల్ని నేనే ఎక్కించుకుని, మీకు ఫోన్ సేత్తాను.”

మొగులమ్మ చేతులు కడుక్కుని, మనవరాలి వేలు పట్టుకుని జెట్టీ వైపు నడిచింది. వీడ్కోలుకు కౌసల్య రాలేదేమని చివరిసారి వెనక్కి తిరిగి పాకలోకి చూసింది. కౌసల్య అక్కడే కూర్చుని ఉంది. జిగురు అంటిన రోలర్‌ను కడగకపోతే గంటలో రాయవుతుందని మొగులమ్మ చెప్పడం మరిచే పోయింది. పాక గుంజకు, వాషర్లు గుచ్చిన బోల్టు జిగురు మరక కూడా లేకుండా శుభ్రంగా కడిగి, ఆరడానికి వేలాడదీసి ఉంది.