పదో పేరు

రాజనీతి శాస్త్రం విభాగంలో సంతకం సారు గది ముందు పొద్దుటి నుంచి లైను. ఆయనకు అసలు పేరొకటి ఉంది, తలుపు మీద బోర్డూ ఉంది. కానీ ఆయన చేతి గీత పడందే ఎవరూ ఏ క్లాసులోనూ కూర్చోడానికి లేదు గనక పిల్లలు ఆ పేరే ఖాయం చేశారు. ఎవరు ఏ సబ్జెక్టు తీసుకుంటే దారి సాఫీగా ఉంటుందో చూసి, సలహా చెప్పి, ఫారం మీద సంతకం పెట్టడం ఆయన పని. ఆ రోజు రిజిస్ట్రేషన్‌కు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి కంప్యూటరు తలుపు మూసేస్తుంది, ఆ తర్వాత దేవుడొచ్చి అడిగినా తెరుచుకోదని సారు పొద్దుటి నుంచి నలభై సార్లు చెప్పి ఉంటాడు.

లైను చివర్న గోడకు ఆనుకుని నిలబడిన మనిషికి నలభై మూడేళ్లు. దర్జీ పని ఆవిడది. ముందున్న పిల్లల్లో సగం మందికి పంట్లాలు పొట్టి చేసిందీ, ఒళ్లు చేసిన వాళ్ల చొక్కాలు వదులు చేసిందీ ఆవిడే. అందరికీ పిన్ని.

"పిన్నీ, నువ్వు ముందుకెళ్లు."

"వెళ్లనీరా, మనం పుట్టకముందు నుంచీ ఇక్కడే చదువుతోంది."

"పుట్టకముందు కాదులే గానీ, నీకు మీసం రాకముందు నుంచీ," అంది పిన్ని. "ఇప్పుడు మాత్రం వచ్చిందా ఏంటి?"

లైనంతా నవ్వింది. పిన్ని కూడా నవ్వింది గానీ, చేతిలో ఫారం చెమటకు తడిసి గుడ్డపేలికలా మెత్తబడి ఉంది.

ఆవిడ చేరి ఏడేళ్లు కావస్తోంది. చేరిన కథ కూడా పెద్దదేం కాదు. బజారులో దర్జీల షెడ్డు తీసేస్తామని ఊరి సంఘం వాళ్లు మీటింగు పెట్టినప్పుడు ఆవిడ లేచి ఒక ప్రశ్న అడిగింది. బల్ల వెనక కూర్చున్నాయన, "నీకేం తెలుసమ్మా ఇవన్నీ, కూర్చో," అన్నాడు. కూర్చుంది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నా ఆ కూర్చోవడమే గుర్తొచ్చింది. మర్నాడు వెళ్లి ఫారం తెచ్చుకుంది. లారీ నడిపే మొగుడు, "మంత్రివయ్యాక నన్నే డ్రైవరుగా పెట్టుకో, లారీ తోలినోడికి కారొక లెక్కా," అని నవ్వాడే తప్ప అడ్డు చెప్పలేదు.

పగలు మిషను, మధ్యలో క్లాసు. టర్ముకు ఒకటో రెండో సబ్జెక్టులు. గుడ్డముక్కలు అతికి బొంత కుట్టినట్టు కుట్టుకుంటూ వచ్చింది. ఇంక మిగిలింది ఒకే ఒక్క ముక్క: రాజకీయ చింతన, రెండో భాగం. అది పూర్తయితే డిగ్రీ. కాకపోతే కథ వేరు. పాసై ఏడేళ్లు దాటిన సబ్జెక్టు చెల్లదని అక్కడ రూలు. ఈ టర్ములో ముగించకపోతే మొదటి ఏడాదివి నాలుగూ రాలిపోతాయి, మళ్లీ టర్ముకు ఇంకో రెండు. ఒక కొస పట్టుకుని లాగితే కుట్టంతా ఊడొచ్చినట్టు.

ఇంకో రూలు కూడా ఉంది. పదిమంది లేనిదే క్లాసు జరపరు. నిన్న పొద్దున దాకా పదిమంది ఉన్నారు. మధ్యాహ్నం ఒకడు ఉద్యోగం దొరికిందని తప్పుకున్నాడు. తొమ్మిది మిగిలారు.

ఇదంతా ఒక ఎత్తు. పిన్నికి ఒక కూతురుంది, అదే విభాగంలో మూడో ఏడాది చదువుతోంది అన్న సంగతి ఆ భవనంలో ఎవరికీ తెలియకపోవడం ఒక ఎత్తు.

తెలియనివ్వలేదు. కూతురు చిట్టి చేరిన మొదటి వారంలో, వరండాలో స్నేహితురాళ్ల మధ్య నిలబడి ఉంటే, పిన్ని వెనక నుంచి వచ్చి మడత పడిన కాలరు సర్ది, "మధ్యాహ్నం తిన్నావా?" అని అడిగింది. ఆ సాయంత్రం చిట్టి ఇంట్లో గోడకు తిరిగి ఏడ్చింది. "ఇంట్లో నువ్వు అమ్మవి, నేను కాదన్నానా? అక్కడ మాత్రం నన్నొదిలెయ్యమ్మా. నువ్వు క్లాసులో లేచి ప్రశ్నలడుగుతావు, అందరూ నవ్వుతారు, వాళ్లతో పాటు నేనూ నవ్వాలి. నా వల్ల కాదు." పిన్ని ఆలోచించి చేతిలో చెయ్యేసింది. "సరే. అక్కడ నువ్వెవరో నేనెవరో." అప్పటి నుంచి ఇద్దరూ వేర్వేరు బస్సులు. ఒకే వీధిలోంచి పావుగంట తేడాతో బయల్దేరేవాళ్లు. కిందటి టర్ములో మొదటి భాగం క్లాసు పిన్ని పొద్దున బ్యాచిలో చదివితే, చిట్టి కావాలని సాయంత్రం బ్యాచి రాయించుకుంది. రెండో భాగానికి ఒకటే బ్యాచి.

నిన్న అన్నం వడ్డిస్తూ పిన్ని మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ, "ఇంకొంచెం వెయ్యనా?" అని మూసేసింది.

మూడు కావస్తుండగా లైను తరిగి ఆవిడ వంతు వచ్చింది.

"కూర్చో అమ్మా," అన్నాడు సంతకం సారు. కళ్లజోడు తీసి ముక్కు నలుపుకున్నాడు. "డీన్ గారినీ అడిగాను. తొమ్మిదికి ఒప్పుకుంటే రేపు ఎనిమిదికీ ఒప్పుకోమంటారన్నారు. ఈ పాఠం చెప్పే పెద్దాయన ఈ టర్ముతో రిటైరు. వచ్చే ఏడాదికి చెప్పేవాడే లేడు."

"ఇంకెవరినైనా తీసుకొస్తే, సార్? నా దగ్గర మిషను నేర్చుకునే పిల్లలున్నారు, బతిమాలి..."

"మిషను నేర్చినవాళ్లు కాదమ్మా, మొదటి భాగం పాసైనవాళ్లు కావాలి. రెండు బ్యాచిలూ కలిపి పద్నాలుగు మంది. మీరు తొమ్మిది మంది. ఒకడు నిన్న పోయాడు. ఇద్దరికి డిగ్రీ వచ్చేసింది. ఒకమ్మాయి కాలు విరిగి ఇంట్లో ఉంది." సారు తెర మీద వేలు కిందకి జరిపాడు. "ఇంకొకమ్మాయి ఉంది. అదృష్టం చూడు, మూడింటికి నా దగ్గరికే వస్తోంది."

పిన్ని కుర్చీ అంచుకు జరిగింది. "వద్దులే సార్. ఎవరి దారి వాళ్లకుంటుంది. ఇబ్బంది పెట్టకండి."

"అడిగితే పోయేదేముంది? అడగందే అమ్మయినా పెట్టదు."

పాపం, ఆయన మామూలుగానే అన్నాడు. అడగాల్సింది అమ్మే అయితే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పదు.

తలుపు తోసుకుని చిట్టి లోపలికొచ్చింది. కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. నీలం గళ్ల చొక్కా వేసుకుంది, పోయిన నెల పిన్ని కుట్టిందే. కుడి చేతి అంచున ఒక దారం వేలాడుతోంది. పిన్ని చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక తన జుట్టు సర్దుకుంది.

"రా అమ్మాయ్. ఫారం ఇలా ఇవ్వు. ఇంటర్నేషనల్ లా... మంగళ, గురువారాలు పదకొండింటికి. ఇదే ఎందుకు?"

"మా వాళ్లందరూ అదే తీసుకుంటున్నారు సార్."

"వచ్చే ఏడాది కూడా ఉంటుంది అది. నీకు నాలుగో ఏడాది మొత్తం ఇంకా ఉంది, తొందరేం లేదు. సరిగ్గా అదే టైముకి రాజకీయ చింతన రెండో భాగం ఉంది. పదో మనిషి లేక ఆగిపోతోంది. అది ఆగితే ఈవిడ డిగ్రీ ఆగుతుంది. ఏడేళ్ల కష్టం." సారు తెర మీదికి వంగాడు. "అరె, ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. చుట్టాలా మీరు?"

చిట్టి నోరు తెరిచింది. "సార్, ఈవిడ..."

"మా ఇంటిపేరు వాళ్లు ఊరినిండా చీమల్లా ఉంటారు సార్," అంది పిన్ని గబగబా. "ఈ అమ్మాయిని ఇదే చూడ్డం."

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆవిడకు కనిపించింది ఒక్కటే: పిల్ల మూలకు చిక్కిన పిల్లిలా నిలబడింది, దాన్ని బయటపడెయ్యాలి. రెండేళ్లుగా నాలుకకు నేర్పిన పాఠం, అడగ్గానే అప్పజెప్పేసింది. చెప్పేశాక కూతురి మొహం చూసింది. తెరిచిన నోరు అలాగే ఉంది. అందులోంచి రాబోయిన మాట ఏదో మాత్రం ఇంక ఎవరికీ తెలియదు.

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినవాళ్లయితే నేనే కోప్పడి రాయించేవాణ్ణి. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నీ స్నేహితుల్ని వదులుకోమని చెప్పడం నా ఉద్యోగం కాదు. నీ ఇష్టం తల్లీ."

చిట్టి గోడ గడియారం వైపు చూసింది. తల్లి వైపు చూసింది. తల్లి బల్ల మీదున్న పెన్నుల డబ్బా వైపు చూస్తోంది.

"ఇంటర్నేషనల్ లాయే సార్," అంది చివరికి.

సారు సంతకం పెట్టాడు. కర్రుమని గీత పడింది.

*

బస్టాపులో ఇనుప బల్ల మీద పిన్ని కూర్చున్నప్పుడు మూడూ ముప్పై అయిదు. మనిషి నీరసంగా ఉందే గానీ ఏడవలేదు. ఆవిడకు ఏడుపు మిషను ముందే వస్తుంది, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని. రోడ్డు దాటి చిట్టి వచ్చింది. రెండేళ్లలో ఆ బస్టాపుకి రావడం అదే మొదటిసారి. రెండడుగుల దూరంలో ఆగింది.

"ఎందుకలా అన్నావ్?"

"మాటిచ్చాను కదే."

"నేను చెప్పబోతున్నా."

"ఏమని?"

చిట్టి చొక్కా అంచున దారాన్ని వేలికి చుట్టుకుంది. వేలి కొస తెల్లబడింది.

"నిన్న ఇంట్లోనే అడగొచ్చు కదా నన్ను?"

"అడిగితే రాయించుకునేదానివా?"

"తెలీదమ్మా," అంది చిట్టి. అబద్ధం చెప్పడం రాదు ఆ పిల్లకు, అది తల్లి పెంపకమే.

వీధి చివర సిగ్నలు దగ్గర బస్సొకటి ఆగి ఉంది. పిన్ని దాని నంబరు చదవడానికి కళ్లు చికిలించింది, కుదరలేదు.

"ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది చిట్టి మెల్లగా. "సారు గదిలోనే ఉంటారు."

"ఉంటారు."

పిన్ని ఇంకేమీ అనలేదు. అంటే బలవంతం అవుతుంది. అనకపోతే పిల్ల తనంతట తానే కదులుతుందేమోనని ఆశ. ఆ ఆశను మొహం మీద కనపడనివ్వకుండా ఉండటానికి బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. చిట్టి ఒక కాలు రోడ్డు వైపు తిప్పింది. నిజంగానే తిప్పింది. పిన్ని కళ్లారా చూసింది.

"ఏమే, ఇక్కడున్నావా!" అంటూ ముగ్గురు అమ్మాయిలు గుంపుగా వచ్చారు. "నీకోసం క్యాంటీనంతా వెతికాం. అయ్యిందా సంతకం? హాయ్ పిన్నీ! దీనితో ఏంటి కబుర్లు?"

చిట్టి మొహంలోకి రక్తం పొంగింది. "ఏం లేదే. చొక్కా వదులు చెయ్యాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడుగుతున్నా."

"దీనికేమైంది? కొలిచి కుట్టినట్టు ఎంత బాగుంది నీకు!"

పిన్ని లేచి నిలబడింది. నిలబడకపోతే మాట వచ్చేలా లేదు.

"చంకల దగ్గర కాస్త పట్టేసిందిలే అమ్మా," అంది ఆ ముగ్గురితో. తర్వాత చిట్టితో, "ఆదివారం తీసుకురా. కుట్టిచ్చేస్తా," అంది.

"థాంక్స్... పిన్నీ," అంది చిట్టి.

వాళ్లు చెయ్యి పట్టి లాక్కెళ్లారు. మూల మలుపు దగ్గర చిట్టి వెనక్కి తిరిగి చూసింది. అప్పటికి బస్సొచ్చి అడ్డం నిలిచింది.

నాలుగూ రెండు నిమిషాలకు బస్సులో ఉండగా ఫోను గుర్రుమంది. రాజకీయ చింతన రెండో భాగం, సరిపడా విద్యార్థులు లేనందున రద్దు చేయబడినది. తొమ్మిది మందికీ ఒకేసారి వెళ్లి ఉంటుంది. మీసం రాని కుర్రాడు ఫోన్ చేశాడు. "పిన్నీ, మేమైతే ఇంకోటి రాసుకుంటాం. మరి నువ్వు?" అన్నాడు. "నాకేంరా, నా మిషను నాకుంది," అంది పిన్ని. వాడికి నవ్వు రాలేదు.

*

చిట్టి ఆరింటికి ఇంటికొచ్చింది. ముందు గదిలో పిన్ని ఎవరిదో కోటుకు బొత్తాలు కుడుతోంది. పుస్తకాల అలమారలో ఆవిడ వైపు అర ఖాళీగా ఉంది. నోట్సులన్నీ దారంతో కట్టి కింద పెట్టింది. చిట్టి గడప దగ్గరే నేల మీద చతికిలబడింది.

"రేపు సారు దగ్గరికెళ్లి చెప్తానమ్మా. నువ్వు మా అమ్మవని. మా వాళ్లందరికీ చెప్తా. ఒట్టు."

పిన్ని బొత్తం చుట్టూ దారం నాలుగుసార్లు తిప్పి, ముడేసి, పంటితో తెంపింది. గొంతులో కోపం లేదు. కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది.

"చెప్పుకోవే. ఇంక నేనక్కడికి రాను కదా."

పిన్ని కోటు పక్కన పెట్టి లేచి, కూతురి ముందు గొంతుక్కూర్చుంది. చొక్కా చెయ్యి తన వైపు తిప్పుకుని, ఆ వేలాడుతున్న దారాన్ని కత్తెరతో కత్తిరించింది. "లేచి కాళ్లు కడుక్కో," అంది. "మంగళవారం పదకొండింటికేగా నీ క్లాసు? నాకిక పొద్దున తీరికే. బాక్సు వేడివేడిగా కట్టిస్తా."